గంట విని వచ్చినవాడు

మొంబాసా,
12 ఫిబ్రవరి 1995.

పకితెంగ్ బావా,

మంద ఎలా ఉంది, పిల్లలెలా ఉన్నారు, మా అక్క ఎలా ఉంది? ఈ వరసలో అడిగానని అక్కకి చెప్పకు.

నేను బాగున్నాను. ఇక్కడ వాన లేదు, ఉక్కపోత. సాయంత్రం చొక్కా విప్పి గోడకి ఆనిస్తే దానంతట అదే నిలబడుతుంది, అంత ఉప్పు. పగలంతా రైలు కార్ఖానా గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడటం నా పని. వచ్చేవాళ్లు నా సాగిన చెవి తమ్మెల వంక చూస్తారు. నేను వాళ్ల బూట్ల వంక చూస్తాను. ఎవరికీ నష్టం లేదు.

ఎమాలి లారీ నడిపే ముతుకు చేతికి ఒక మూట ఇచ్చాను. అందులో గంట ఉంది. మన ఎద్దు ఆరూస్‌కి. కార్ఖానాలో ఒక ముసలి కమ్మరి పాత బోగీ ఇత్తడి కరిగించి పోసి ఇచ్చాడు. కమ్మరి చేతి వస్తువు మనకి మైల కదా, అది పోయేట్టు నేను కొవ్వు రాసే పంపుతున్నాను. అయినా మీ అమ్మ నమ్మదు, ఆమె ఎదుట ఇంకోసారి రాయి.

మన దగ్గర కట్టేవి రేకు గంటలు. డబ్బాలో రాయి వేసి ఊపినట్టుంటాయి. ఇది అలాంటిది కాదు. యార్డు ఈ చివర నేను ఊపితే ఆ చివర టీ కొట్టువాడు బండి కదిలిందనుకుని డబ్బుల కోసం పరిగెత్తాడు.

మీ పెళ్లినాడు ఆరూస్‌ని నీకు ఇచ్చినప్పుడు మా పెద్దమ్మ కొడుకు తజేవు ఏమన్నాడో గుర్తుందా? "అక్కనిచ్చి మేకని కూడా ఇస్తున్నావా" అన్నాడు. ఆ బక్క దూడే ఇవాళ మీ మందకి ముందు నడుస్తోంది. ఆ రోజునుంచే నువ్వు నా పేరు మానేసి పకితెంగ్ అంటున్నావు, నేనూ నిన్ను అదే అంటున్నాను. ఎద్దునిచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ ఒకటే పేరు. ఇక్కడివాళ్లకి ఇది చెబితే "మరి ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో ఎలా తెలుస్తుంది" అని అడిగారు. పిలిచినవాడికి తెలుస్తుంది అన్నాను.

నువ్వింకా ఆ సింహాల్ని కాపాడే శిబిరంవాళ్ల దగ్గర వాటి మీసాలు చూసే పనిలోనే ఉన్నావట. మా అక్కకి పుట్టుమచ్చ ఎక్కడుందో చెప్పగలవా? తప్పు చెబితే ఎద్దుని వెనక్కి తీసుకుంటాను.

గంట ఎంత దూరం వినిపించిందో రాయి. డిసెంబరులో వస్తాను.

ఆరూస్‌ని ఇచ్చినవాడు,
కమును.


ఎసెలెంకై,
9 మార్చి 1995.

పకితెంగ్,

మంద బాగుంది, పిల్లలు బాగున్నారు. నువ్వడిగిన వరస మీ అక్కకి చెప్పాను. "వాడు మొంబాసా వెళ్లినా మసాయివాడే" అంది. పుట్టుమచ్చ ఎడమ చెవి కింద ఉంది. ఎద్దు నాదే.

గంట వచ్చింది. అమ్మ ఎదుట కొవ్వు రాశాను. ఆరూస్‌కి కొత్త తోలు పట్టెడ కోయించి, ఉదయం మంద లేవగానే కట్టాం. వాగు అవతల గట్టు మీద మా అన్న మేకలు కాస్తున్నాడు. అక్కడిదాకా వినిపించిందట. "ఏం బావమరిదయ్యా, రైలుని పంపాడా" అని కేకేశాడు.

నా పని గురించి వేళాకోళం చేశావు కాబట్టి చెబుతున్నాను. పొద్దున్నే అడుగులు చూసి సింహం ఏ వైపు ఉందో తెలుసుకోవడం, ఆ వైపు మందని తోలొద్దని కాపరులకి చెప్పడం, అంతే. మీసాల కుదుళ్ల దగ్గర నల్ల చుక్కల వరస ఏ రెండు సింహాలకీ ఒకేలా ఉండదు. శిబిరంవాళ్లు అది చూసి గుర్తుపడతారు. నేను అడుగు చూసి గుర్తుపడతాను.

ప్రస్తుతం ఇక్కడ తిరుగుతున్నవాడు లొమున్యాక్. అదృష్టం కలిసొచ్చినవాడని నేనే పేరు పెట్టాను, ఎందుకు పెట్టానో వింటే నవ్వుతావు. వీడూ వీడి అన్నా కలిసి నది ఒడ్డుని ఏలారు. అడవిదున్న అన్నని చంపేసింది. ఒంటరి మగసింహం ఎంత బలమైనదైనా ఎక్కువ కాలం నిలవదు. మూడు కుర్రసింహాలు వచ్చి వీణ్ణి తరిమేశాయి. వీపు మీద ఆ గోళ్ల చారలు ఇప్పటికీ వెంట్రుక మొలవని గీతల్లా ఉన్నాయి. తర్వాత జీబ్రా తన్నింది. కింది దవడ ఎడమవైపు విరిగింది. ఆ వైపు కోర మొదలంటా పోయింది. శిబిరం డాక్టరు దుర్భిణీలోంచి చూసి ఈ వానల్లోపు పోతాడన్నాడు. వానలు వచ్చి వెళ్లాయి. దవడ వంకరగా అతుక్కుంది. నాలుక ఎప్పుడూ కొంచెం బయటికి వేలాడుతుంది. జూలు మా వేడికి తగ్గట్టు పల్చగా, గడ్డం కింద మాత్రం నల్లగా ఉంటుంది. ముందు కుడి పంజా మీద బరువు తక్కువ వేస్తాడు, మట్టిలో ఆ వేళ్లు సగమే పడతాయి. పక్కటెముకలు కనిపిస్తున్నాయి. ఇన్ని ఉన్నా నడుస్తున్నాడు.

జీబ్రాని పట్టే దవడ కాదు కాబట్టి పశువుల జోలికి వస్తున్నాడు. ఈమధ్య చుట్టుపక్కల దొడ్లలో పోయినవన్నీ గంట పశువులే. మంద మధ్యలోంచి గంట పశువునే ఏరుకుంటున్నాడు. నీ చెవిన వేస్తున్నాను.

మీ అక్క ఏదో చెప్పమంటోంది. బూట్లు చూడటం మాని ఎవరైనా పిల్లని చూడమంటోంది.

పకితెంగ్,
పర్సలోయ్.


మొంబాసా,
16 ఏప్రిల్ 1995.

పకితెంగ్ బావా,

నీ ఉత్తరం కార్ఖానాలో చదివి వినిపించాను. వాగు అవతలికి వినిపించిందన్న ముక్క ముసలి కమ్మరికి రెండోసారి చదివాను. ఆయన మర్నాడు నాకు టీ ఇప్పించాడు.

లొమున్యాక్ కథ బాగుంది. నాకు వాడి కన్నా నిన్ను చూస్తే జాలేసింది. ముప్పై ఏళ్ల కింద మీ నాన్న సింహాన్ని బల్లెంతో పొడిచి పేరు తెచ్చుకున్నాడు, నువ్వు దాని నాలుక ఎటు వేలాడుతుందో రాసి పేరు తెచ్చుకుంటున్నావు. కోప్పడకు, సరదాకి అన్నాను.

గంట పశువులు పోతున్నాయన్నావు. రేకు గంట కట్టిన కాపరి ఆ టకటకకి నిద్రపోతాడు, దానికి సింహం ఏం చేస్తుంది? మన గంటకి ఎవడూ నిద్రపోలేడు.

తజేవు మే నెలలో మీ వైపు వస్తున్నాడు. మీ దొడ్లో ఉండి, గంట స్వయంగా విని నాకు చెప్పమన్నాను. నీ మాట మీద నమ్మకం లేక కాదు. వాడు దూడని మేకన్నాడు కదా, ఆ మేక మెడలో గంట వాడి చెవులతోనే వినాలి.

పకితెంగ్,
కమును.


ఎసెలెంకై,
28 మే 1995.

పకితెంగ్,

చెడ్డ వార్త రాస్తున్నాను. ఆరూస్ పోయింది.

ఈ నెల ఇరవయ్యో తేదీన, ఎండ నడినెత్తికి రాకముందు, ఎండిన వాగులో. లొమున్యాక్ ఒడ్డు మీది పొదలోంచి దూకాడు. కింది దవడకి ఒక కోరే ఉంది కాబట్టి గొంతు పట్టుకోలేదు, మూతి పట్టుకుని ఊపిరాడకుండా చేశాడు. కాపరి రాళ్లు విసిరాడు, కేకలేశాడు, కదల్లేదు. మేం మనుషుల్ని పోగేసి వెళ్లేసరికి తొడ భాగం తినేశాడు. మమ్మల్ని చూసి లేచి మెల్లగా నడిచి వెళ్లాడు.

అంతకు ముందురోజే తజేవు వచ్చాడు. వాడు అక్కడే ఉన్నాడు. దొడ్డి కంచె బాగానే ఉంది. కాపరి నిద్రపోలేదు. తప్పు మందది కాదు, కాపరిది కాదు.

మొరాన్ కుర్రాళ్లు ఆ మధ్యాహ్నమే వాణ్ణి చంపడానికి బల్లేలు తీశారు. నేను అడ్డుపడ్డాను. వెనక్కి తగ్గారు.

మీ అక్క రెండ్రోజులు అన్నం ముట్టలేదు. గంట భద్రంగా ఉంది.

పర్సలోయ్.


మొంబాసా,
19 జూన్ 1995.

పర్సలోయ్ గారికి,

మీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను. తప్పు మందది కాదన్నారు, కాపరిది కాదన్నారు. సింహానిదని మాత్రం ఎక్కడా రాయలేదు. వాడి దవడ గురించి మార్చిలో ఒక పేజీ రాశారు. నా ఎద్దు చావు గురించి అందులో సగం కూడా రాయలేదు. అందులోనూ వాడికి ఒక కోరే ఉందని గుర్తుచేశారు.

పైగా మొరాన్లకి అడ్డుపడ్డారు. మీ కళ్ల ముందు మీ భార్య తమ్ముడిచ్చిన ఎద్దు పడి ఉంటే, దాన్ని తిన్నవాడి ముందు చేతులు చాచి నిలబడ్డారు. ఏ నోటితో ఆపారో నాకు తెలియదు.

గంట భద్రంగా ఉందని రాశారు. సంతోషం. దాన్ని మేపుకోండి.

తజేవుకీ మావాళ్లకీ నేను వేరే ఉత్తరం రాశాను. అందులో ఏముందో మీకు చెప్పాల్సిన పని లేదు. మీ సింహానికి త్వరలోనే తెలుస్తుంది.

అక్కని అడిగానని చెప్పండి.

కమును.


ఎసెలెంకై,
11 జులై 1995.

కమునూ,

పకితెంగ్ అని రాసి కొట్టేశాను. ఈ ఉత్తరం పూర్తిగా చదివాక ఆ మాట రాయొచ్చో లేదో నువ్వే చెప్పు.

ముందు జరిగింది చెబుతాను.

నీ ఉత్తరం తజేవుకి జూన్ ఆఖరి శుక్రవారం అందింది. వాడికి చదువు రాదు కదా, బడి పంతులు చేత చదివించుకున్నాడు, మొరాన్లందరూ చుట్టూ కూర్చుని విన్నారు. "ఆ ఊళ్లో మగాళ్లు మిగిలి ఉంటే, డిసెంబరులో నేను వచ్చేసరికి ఆ జూలు నాకు చూపించండి" అని రాశావట. ఆ వాక్యం ఇప్పుడు ఇక్కడ చిన్నపిల్లలకి కూడా వచ్చు.

మర్నాడు ఉదయం ఎనిమిదిమంది బయల్దేరారు. దారిలో నా దొడ్డి దగ్గర ఆగారు. "బావా, వాడెక్కడున్నాడో నువ్వు చెప్పనక్కర్లేదు. అడ్డు రాకు, చాలు" అన్నాడు తజేవు. వెళ్లొద్దన్నాను. "ఎందుకు వెళ్లొద్దో చెప్పు" అన్నాడు. చెప్పాల్సిన జవాబు నా దగ్గర ఉంది. మీ అక్క గుమ్మంలో నిలబడి నా వంకే చూస్తోంది. నేను నోరు విప్పలేదు. వాళ్లు వెళ్లిపోయారు.

ముళ్లపొదలో వాణ్ణి చుట్టుముట్టారు. మొదటి బల్లెం తజేవుది. కుడి జబ్బ వెనక దిగింది. అలాంటి దెబ్బ తిన్న సింహం పడిపోతుందని అందరూ అనుకుంటారు. వీడు పడలేదు. బల్లెం వేలాడుతుండగానే తజేవు మీదికి వచ్చాడు. డాలు పగిలింది. తొడ కండ పట్టుకుని రెండుసార్లు విదిలించాడు. కింది కోరలు రెండూ ఉండి ఉంటే ఎముక మిగిలేది కాదని ఆస్పత్రిలో చెప్పారు. తర్వాత వదిలేసి పొదలోకి పోయాడు. బల్లెం కర్ర విరిగి దొరికింది. ఇనుప ములుకు వాడి ఒంట్లోనే ఉంది.

తజేవు లోయితోకితోక్ ఆస్పత్రిలో ఉన్నాడు. కాలు తీసేస్తారో ఉంచుతారో ఇంకా తేల్చలేదు. వాళ్ల అమ్మ పక్కనే ఉంది. నన్ను చూసి కూర్చోమని చోటిచ్చింది.

ఇక నేను మార్చిలో రాయనిది రాస్తాను.

గంట వాగు అవతలికి వినిపించిన మాట నిజం. అది కట్టి ఉన్నది రెండు రోజులే. మూడో రోజు నేనే విప్పేశాను. ఎందుకంటే ఊరూరా తిరిగి గంటలు విప్పేయండని కాపరులకి చెబుతున్నవాణ్ణి నేనే. లొమున్యాక్ గంట శబ్దానికి అలవాటు పడ్డాడు. గంట మోగిన చోట మంద ఉంటుందని, గంట ఉన్నదే అన్నిటికన్నా ముందు, కాస్త ఎడంగా నడుస్తుందని నేర్చుకున్నాడు. దవడ విరిగినవాడికి వెతుక్కునే శ్రమ తప్పింది. ఊరంతా గంటలు విప్పించి, నా ఎద్దుకి అందరికన్నా పెద్ద గంట ఉంచుకోవడం కుదరదు కదా.

విప్పానని నీకు రాయలేదు. "రాసెయ్, వాడేం పాలుతాగే పిల్లాడా" అని మీ అక్క మొదటిరోజే అంది. భార్య తమ్ముడు ప్రేమగా పంపిన గంటని విప్పి ఇంట్లో తగిలించానని ఎలా రాయను అన్నాను. గంట పశువులు పోతున్నాయని మాత్రం రాశాను. నువ్వే అర్థం చేసుకుని "విప్పేయ్ బావా" అంటావని చూశాను. నువ్వు రేకు గంటల గురించి జోకు రాశావు. తప్పు నీది కాదు. సగం చెప్పినవాడిది.

తజేవు వచ్చాడు. సాయంత్రం పాలు తాగుతూనే "ఏదీ, మేక మెడలో గంట" అన్నాడు. పొద్దున్న మందతో కలిసి మోగితేనే బాగుంటుంది, అప్పుడు విందువుగాని అన్నాను. మర్నాడు ఉదయం గోడ మీంచి తీసి కట్టాను. ఇవతలి గట్టు దాటగానే విప్పేద్దామనుకున్నాను. తజేవు విని అక్కడితో ఆగుతాడనుకున్నాను. వాడికి ఎంత నచ్చిందంటే గట్టు దాటి, వాగు దాకా మంద వెంటే నడిచాడు. వాడి ఎదుట ఎలా విప్పను? "కమునుకి చెబుతాను, ఇది గంట కాదు, పెళ్లి అని" అంటున్నాడు. వాగులోకి దిగే చోట శిబిరం జీపు నా కోసం హారన్ కొట్టింది. నేను ఆ పక్కకి వెళ్లాను. వెనకనుంచి గంట ఒక్కసారి గట్టిగా మోగి, ఆగిపోయింది.

ఇంత పెద్ద మందలో అది ఒక్కటే గంట. ఆ చుట్టుపక్కల ఎక్కడా వేరే గంట లేదు. ఉన్నవన్నీ విప్పించింది నేనే.

మొరాన్లకి అడ్డుపడింది వాడి మీద ప్రేమతో కాదు. వాడు తప్పు చేయలేదని నాకొక్కడికే తెలుసు. ఆ మాట పైకి అంటే ఎవరు చేశారో చెప్పాలి. అందుకే చేతులు చాచి ఊరుకున్నాను. నోటితో ఆపి ఉంటే తజేవు కాలు బాగుండేది.

పర్సలోయ్.


మొంబాసా,
2 ఆగస్టు 1995.

బావా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు మొదలుపెట్టడం, చింపడం.

మొదట నీ మీద కోపమొచ్చింది. గంట విప్పానని ఒక్క ముక్క రాస్తే నేను ఏమంటాను? రెండు రోజులు అలుగుతాను, అంతేగా. రెండు రోజుల నా అలక తప్పించడానికి ఎద్దుని పంపావు. ఇది రాసి చూసుకుంటే నా ఉత్తరమే గుర్తొచ్చింది. ఎద్దు పోయిందన్న కోపాన్ని చల్లార్చుకోడానికి నేను తజేవుని పంపాను. నువ్వు పంపింది ఎద్దుని.

మగాళ్లు మిగిలి ఉంటే అని రాసింది నేనే. గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, సోడా తాగుతూ రాశాను. నా చుట్టుపక్కల ఎక్కడా సింహం లేదు. అది చదివినవాళ్ల చుట్టూ ఉంది. చిన్నపిల్లలకి కూడా ఆ వాక్యం వచ్చని రాశావు. నువ్వు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

తజేవు వాళ్ల అమ్మకి ఏం రాయాలో తెలియలేదు. "పెద్దమ్మా" అని రాసి ఆపేశాను. నా చిన్నప్పుడు ఆమె పెరట్లోనే సొరబుర్రలో పులిసిన పాలు దొంగతనంగా తాగేవాళ్లం, నేనూ వాడూ. వాణ్ణే కొట్టేది.

కమ్మరి ముసలాయన గంట ఎలా ఉందని నిన్న అడిగాడు. బాగా మోగిందని చెప్పాను. అబద్ధం కాదు కదా.

ఒకటి అడుగుతాను, నిజం రాయి. ఇక సగం సగం వద్దు. వాడు చచ్చిపోయాడా, లొమున్యాక్? ఇనుము ఒంట్లో పెట్టుకుని పొదలో పడి ఉండే దాన్ని తలుచుకుంటే నిద్ర పట్టడం లేదు. తజేవు గురించి అడగాల్సింది ముందు. వాడి కాలు ఎలా ఉందో అడగడానికి నాకు మొహం లేదు, సింహం గురించైతే అడగగలను.

డిసెంబరులో రాను. నా కోసం చూడొద్దని అక్కకి చెప్పు.

కమును.


ఎసెలెంకై,
22 అక్టోబరు 1995.

కమునూ,

నీ ఉత్తరానికి వెంటనే రాయలేదు. తేలని విషయాలు రాయకూడదని ఆగాను. ఇప్పుడు తేలాయి.

తజేవు కాలు ఉంది. సెప్టెంబరు చివర ఇంటికి వచ్చాడు. కర్ర పట్టుకుని నడుస్తాడు, మోకాలు పూర్తిగా వంగదు. పరిగెత్తలేడు. నేను వెళితే "రా బావా, నీ స్నేహితుడు నా తొడ మీద సంతకం పెట్టాడు, చూస్తావా" అని గుడ్డ తీసి చూపించాడు. ఒక వైపు లోతుగా గుంట, రెండో వైపు ఉత్త గీరుడు. పోయిన కోర ఎటుదో ఆ తొడ చూసే చెప్పొచ్చు.

గంట సంగతి వాడికి అక్కడే చెప్పాను. వాళ్ల అమ్మ ఉంది, ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాడు గుడ్డ మళ్లీ కప్పుకున్నాడు. "అయితే నాకు వినిపించడానికి కట్టావా" అన్నాడు. అవునన్నాను. "మరి నేను బాగుందన్నాను కదా, అప్పుడే విప్పాల్సింది" అన్నాడు. తర్వాత, "దాని కోసం ఎనిమిదిమందిమి వెళ్లాం, పిచ్చివాళ్లం" అని నవ్వాడు. వాళ్ల అమ్మ నవ్వలేదు.

పెద్దలు కూర్చున్నారు. నా తప్పు నేను చెప్పుకున్నాను. లెకినీ తాత నా వంక చూడకుండా కర్రతో మట్టి గీస్తూ, "సింహానికి దారి చూపించకుండా ఉండటమే నీ పని కదా" అన్నాడు.  పాలిచ్చే ఆవుని తజేవు ఇంటికి తోలమన్నారు. ఆ సాయంత్రమే తోలాను. నీ గురించి కూడా మాటొచ్చింది. ఒక పెయ్యని నువ్వు స్వయంగా వచ్చి తజేవు చేతికివ్వాలి అన్నారు. వేరేవాళ్లతో పంపితే చెల్లదు. ఇస్తే మీరిద్దరూ పేర్లు మానేసి ఒకరినొకరు పాషె అనుకుంటారు, పెయ్యనిచ్చినవాళ్లూ పుచ్చుకున్నవాళ్లూ అనుకున్నట్టు. "వాడి నోటితో నన్ను పాషె అనేదాకా ఆ పెయ్యని ముట్టను" అన్నాడు తజేవు. వాళ్ల అమ్మ ఒకటే అడిగింది: "ఆ కుర్రాడు అన్నం తింటున్నాడా?"

ఇక నువ్వు అడిగింది.

జులై, ఆగస్టుల్లో వాడి జాడ లేదు. రాబందులు ఎక్కడ దిగినా వెళ్లి చూశాను. సెప్టెంబరులో నీటిగుంట దగ్గర బురదలో ఒక అడుగు కనిపించింది. ముందు కుడి పంజా వేళ్లు సగమే పడ్డాయి. వాడే. నాలుగు రోజుల వెతుకులాట తర్వాత కొండ కింది గడ్డిలో చూశాను.

బాగా చిక్కిపోయాడు. తుంటి ఎముకలు పైకి లేచాయి. జబ్బ వెనక గాయం చీముపట్టి, పగిలి, మళ్లీ మూసుకుంది. ములుకు ఎప్పుడో బయటికి వచ్చేసింది, పొదలో దొరికింది, తజేవుకి ఇచ్చాను. నాలుక అందే మేరా నాకి శుభ్రం చేసుకున్నాడు, అక్కడ తోలు గులాబీ రంగులో మెరుస్తోంది. అందని చోట ఇంకా ఈగలున్నాయి. ఇన్నాళ్లూ అడవిపందుల బొరియలు తవ్వి పిల్లల్ని తిన్నట్టున్నాడు, ముందు గోళ్లు అరిగాయి. డాక్టరు ఈసారి ఎప్పుడు పోతాడో చెప్పలేదు.

ఇంకొకటి ఉంది. వాడిప్పుడు ఒంటరి కాదు. పక్కన ఒక కుర్ర మగసింహం పడుకుని ఉంది. సరిహద్దు అవతలినుంచి వచ్చినవాడు, జూలు ఇంకా సరిగ్గా రాలేదు. వీడికి తమ్ముడు కాదు, చుట్టం కాదు. దిక్కులేని మగసింహాలు అలా జతకట్టడం ఉంది. కుర్రవాడు జీబ్రాని పడేస్తాడు, వీడు మూతి నొక్కి పట్టి ఉంచుతాడు, ఇద్దరూ తింటారు. ఆ తర్వాత ఈ వైపు ఒక్క పశువు పోలేదు.

ఇది చెబితే మీ అక్క పాలు పితుకుతూ తల ఎత్తకుండానే అడిగింది, "అయితే వాళ్లిద్దరూ ఏమని పిలుచుకుంటారు? ఎద్దు ఎవరిచ్చారు?"

సొరబుర్ర నిండాక పక్కన పెట్టింది. తర్వాత ఆమె అంది: "పోయిన ఎద్దుతో పాటు పేరు పోతుందని ఎవరు చెప్పారు మీ ఇద్దరికీ? ఆరూస్ ముసలిదై చచ్చినా పోయేదా?" ఇది మా తమ్ముడికి రాయి అంది. రాశాను.

గంట ఇంట్లో అదే మేకుకి ఉంది. పారేయలేదు. నువ్వేం చెబితే అది చేస్తాను.

నువ్వు ఒప్పుకుంటే, పకితెంగ్,
పర్సలోయ్.


మొంబాసా,
14 నవంబరు 1995.

పకితెంగ్ బావా,

మంద ఎలా ఉంది, తజేవు ఎలా ఉన్నాడు, పెద్దమ్మ ఎలా ఉంది, పిల్లలెలా ఉన్నారు, అక్క ఎలా ఉంది? ఈసారి వరస మారింది, అక్కకి చెప్పు.

సెలవు దొరికింది. డిసెంబరు పదో తేదీన ముతుకు లారీలో ఎమాలి వస్తాను. సుల్తాన్ హముద్ సంతలో పెయ్యని కొని, అక్కణ్ణుంచి నేనే తోలుకొస్తాను. మంచి పెయ్య దొరక్కపోతే దొరికేదాకా ఆగుతాను, కంగారుపడొద్దు. తజేవు మళ్లీ మేక అనకూడదు. అంటే అననీ. వాడు ఏమన్నా అననీ.

అన్నం తింటున్నానని పెద్దమ్మకి చెప్పు.

లొమున్యాక్ గురించి నువ్వు రాసిన పేజీ కమ్మరి ముసలాయనకి చదివాను. గంట సంగతి కూడా మొత్తం చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ ఆయన చేతిలో సుత్తి అలాగే పట్టుకున్నాడు. "నేను బాగా మోగేట్టే పోశాను" అన్నాడు, అది తప్పేమో అన్నట్టు. నీ తప్పు కాదు తాతా అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నువ్వే గుర్తొచ్చావు.

గంట మేకుకే ఉండనీ.

నేను చీకటి పడకముందే వస్తాను. అక్క పిల్లల్ని ఎదురు పంపుతానంటుంది, ఇంటి ముందు ఏదో హడావిడి చేస్తానంటుంది. వద్దని చెప్పు. నువ్వు కూడా, బావా, నాకు వినిపించాలని ఎవరి మెడకీ ఏమీ కట్టొద్దు.

పకితెంగ్,
కమును.